ఇంటిలోని చెమ్మయు బూజును: బిర్సానగర్ గృహస్థులకు ఒక ఆరోగ్యపాఠము

1. విషయప్రవేశము

జంషెడ్‌పూరు పట్టణము సువర్ణరేఖా, ఖర్కాయీ నదుల చెంత వెలసినది. 1907వ సంవత్సరమున ఉక్కు సంస్థ స్థాపింపబడిన పిమ్మట సాక్చీ యను పల్లె కర్మాగారపట్టణమై, 1919వ సంవత్సరమున జంషెడ్‌పూరను పేరు వహించెను. శ్రీకాకుళము, విశాఖపట్టణము మొదలగు సీమలనుండి పనికై వచ్చిన తెలుగువారు తరతరములుగా ఈ పట్టణమున నివసించుచున్నారు. టెల్కో ప్రాంతమునకు చేరువనున్న బిర్సానగర్, ముండాల నాయకుడైన బిర్సా ముండా పేర వెలసిన విశాలమైన బస్తీ. ఇచ్చట ఒకే వీధియందు రేకుల యిల్లు, పెంకుటిల్లు, డాబా యిల్లు ప్రక్కప్రక్కనే కానవచ్చును. పెక్కిండ్లు ఒక్కసారి కట్టినవి కావు. చేతికి సొమ్ము చిక్కినకొలది గదివెంట గది కూర్చినవి.

ఈ ప్రాంతమున ఏటికి 1200 మిల్లీమీటర్లకు మించి వర్షము కురియును. అందు అధికభాగము జూను నడుమనుండి సెప్టెంబరు కడవరకు గల కాలముననే పడును. శ్రావణమాసము వచ్చునప్పటికి ఇనుపపెట్టె వెనుకటి గోడపై నల్లని చుక్కలు పొడచూపును. దేవుని పటము తీసిచూచిన వెనుక అట్ట పచ్చబారియుండును. మడచిపెట్టిన పట్టుచీర ముక్కవాసన కొట్టును. గృహస్థుడు దసరాకు ముందు గోడకు సున్నమో రంగో వేయించి ఊరట చెందును. మరుసటి శ్రావణమున అవే చుక్కలు అదే తావున మరల పుట్టును.

ఏటేట వెచ్చించిన సొమ్ము ఏల వ్యర్థమగుచున్నది? బూజు గోడకు వచ్చిన రోగమని తలచుటయే ఈ పొరపాటునకు మూలము. బూజు రోగము గాదు, రోగలక్షణము. అది నీరున్న చోటును తెలుపు గురుతు. నీటి త్రోవను కనుగొని మూయనిదే ఏ పూతయు ఏ మందును దానిని నిలువరింపజాలదు. ఈ పాఠమున చెప్పదలచిన ముఖ్యవిషయము ఇదియే.

2. బూజు యననేమి?

మన భాషలో సాలెగూటిని సైతము బూజనుట కలదు. చీపురుతో దులిపిన పోవు ఆ బూజు వేరు. ఈ పాఠమున చెప్పబడునది వేరు. గోడలపైనను, కొయ్యపైనను, తోలుపైనను, గుడ్డలపైనను నల్లగనో, పచ్చగనో, తెల్లని నూగువలెనో పెరుగు బూజు శిలీంధ్రజాతికి చెందిన జీవి. దీనికి ఆకులు లేవు, ఆకుపచ్చ పదార్థము లేదు. కావున తన ఆహారమును తాను చేసికొనజాలక, తానంటిన వస్తువునే జీర్ణించుకొని బ్రతుకును. సన్నని పోగులు వస్తువులోనికి చొచ్చును. పైభాగమున సిద్ధబీజములు పుట్టి గాలిలో కలియును.

ఈ సిద్ధబీజములు కంటికి కానరానంత సూక్ష్మములు. ఇవి లేని గాలి లోకమున అరుదు. 1928వ సంవత్సరమున లండనులోని సెయింట్ మేరీ వైద్యశాలయందు అలెగ్జాండర్ ఫ్లెమింగు మూతతీసి చూచిన గాజుపళ్లెరములో పెనిసిలియమను బూజు మొలిచియుండెను. దానినుండియే పెనిసిలిన్ మందు వెలువడెను. ఆ బూజును అచ్చట ఎవ్వరును నాటలేదు; గాలిలో తేలివచ్చిన బీజము తనకు అనుకూలమైన తావున పడి మొలిచినది. మన యింటి గోడపై జరుగునదియు అదియే.

బూజు మొలుచుటకు నాలుగు సాధనములు వలయును: బీజము, ఆహారము, తగిన వెచ్చదనము, తేమ. బీజము ఎల్లెడల నున్నది. ఆహారమునకు గోడపై దుమ్ము, కాగితము, జిగురు, రంగులోని అంటుపదార్థము చాలును. మనకు హాయియైన వెచ్చదనమే దానికిని హాయి. కావున ఈ మూటిని మనము తొలగింపజాలము. మన చేతిలో నున్నది నాలుగవదియగు తేమ యొక్కటియే. తడిసిన వస్తువు ఒకటి రెండు దినములలో పూర్తిగా ఆరినయెడల దానిపై బూజు సాధారణముగా పెరుగదు. ఈ ఒక్క నియమమును జ్ఞాపకముంచుకొనినను సగము పాఠము వచ్చినట్లే.

3. దేహమునకు కలుగు హాని

బూజు పట్టిన యింట శ్వాసించు గాలిలో సిద్ధబీజములేగాక, శిలీంధ్రపు తునుకలును, ముక్కవాసనను పుట్టించు వాయువులును కలిసియుండును. చెమ్మయందు దుమ్ముపురుగులును, బాక్టీరియాయును వృద్ధినొందును. వీనివలన తుమ్ములు, ముక్కు కారుట, కంటి దురద, గొంతు గరగర, దగ్గు, ఛాతీలో పిల్లికూతలు కలుగవచ్చును. ఉబ్బసము గలవారికి అది అధికమగును.

అమెరికాలోని వైద్యసంస్థ 2004వ సంవత్సరమున ప్రకటించిన నివేదికయందు చెమ్మగల యిండ్లకును, ముక్కు గొంతుల బాధలకును, దగ్గునకును, పిల్లికూతలకును, బూజు పడనివారి ఉబ్బసమునకును సంబంధము కలదనుటకు చాలినంత సాక్ష్యమున్నదని నిర్ణయింపబడెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2009వ సంవత్సరమున చెమ్మ, బూజులను గూర్చి ప్రత్యేకముగా మార్గదర్శక గ్రంథమును వెలువరించెను. గాలిలో ఇన్ని బీజములవరకు క్షేమము, అంతకు మించిన హాని యని హద్దు నిర్ణయించుట సాధ్యము కాదని ఆ గ్రంథము తెలిపెను. కావున గాలిని పరీక్షింపజేయుటకు సొమ్ము వెచ్చింపనక్కరలేదు. కన్ను చూచిన నలుపును, ముక్కు పసిగట్టిన వాసనయును చాలిన సాక్ష్యములు.

ఇది అల్పవిషయమని త్రోసివేయరాదనుటకు ఒక దృష్టాంతము కలదు. ఇంగ్లండునందలి రాచ్‌డేల్ పట్టణమున అద్దెయింట నివసించుచుండిన రెండేండ్ల బాలుడు 2020వ సంవత్సరము డిసెంబరు మాసమున మరణించెను. 2022వ సంవత్సరము నవంబరులో మరణవిచారణాధికారి, ఆ యింటి బూజుగాలిని దీర్ఘకాలము పీల్చుటచే కలిగిన తీవ్రమైన శ్వాసకోశవ్యాధియే మరణకారణమని తీర్పు చెప్పెను. మరణమునకు మూడేండ్ల ముందే తండ్రి బూజును గూర్చి తెలిపినప్పుడు, దానిపై రంగు పూసికొమ్మని సలహా యీయబడినదని విచారణలో వెల్లడియయ్యెను. ఆ పిమ్మట 2023వ సంవత్సరపు చట్టములో, ఇట్టి చెమ్మను నిర్ణీతకాలములో బాగుచేయుట గృహయజమాన్యపు విధియని ఆ బాలుని పేర నిబంధన చేర్చబడెను. బూజుపై పూసిన రంగు గృహస్థుని కంటిని మరపించునే గాని బిడ్డ ఊపిరిని కాపాడదు.

చంటిబిడ్డలు, వృద్ధులు, ఉబ్బసరోగులు, దేహమున రోగనిరోధకశక్తి తగ్గినవారు మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. కర్మాగారములలో ఏండ్ల తరబడి దుమ్మునందు పనిచేసి ఊపిరితిత్తులు బలహీనపడినవారు మన బస్తీలలో కలరు. వారికిని ఈ గాలి మంచిది కాదు. పూర్వము క్షయ సోకి నయమైనవారి ఊపిరితిత్తులలో మిగిలిన గుంటలయందు ఆస్పర్జిల్లస్ అను శిలీంధ్రము పెరుగుట కలదు. అట్టివారు బూజు తుడుచు పనికి పూనుకొనరాదు.

ఇచ్చట మరియొక హెచ్చరిక అవసరము. ప్రతి దగ్గును బూజుపై నెట్టరాదు. రెండు వారములకు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట, కఫమున రక్తము—వీనిలో ఏది కనబడినను ప్రభుత్వ వైద్యశాలలో క్షయపరీక్ష చేయించుకొనవలెను, అది ఉచితము. ఇంటి గోడను బాగుచేసినపిదప పోదమని ఆలస్యము చేయుట ప్రాణాపాయము.

4. నీరు ఇంట జొచ్చు మూడు త్రోవలు

ఇంటిలోనికి నీరు పైనుండియు, క్రిందనుండియు, గాలినుండియు వచ్చును. ఒక్కొక్కదాని గురుతులు వేరు, చికిత్సయు వేరు.

(అ) పైనుండి వచ్చు నీరు. డాబా కప్పుపై నీరు నిలుచుట, తూము మూసికొనిపోవుట, పిట్టగోడకును కప్పునకును నడుమ చీలిక పడుట, రేకుల కొక్కెపు మేకుల క్రింది వాషర్లు చివుకుట, పెంకులు జరుగుట, నీటితొట్టి పొంగిపొరలుట—ఇవి దీని కారణములు. కప్పుననో గోడ పైభాగముననో గోధుమరంగు అంచుగల మరక ఏర్పడి, వాన వెలిసిన తరువాత పెద్దదగును.

(ఆ) క్రిందనుండి వచ్చు నీరు. ఇటుక సూక్ష్మరంధ్రములు గల వస్తువు. దీపపు వత్తి నూనెను పైకి పీల్చునట్లు, తడినేలలో నిలిచిన గోడ నీటిని పైకి పీల్చును. సాధారణముగా ఒక మీటరు ఎత్తువరకు ఈ చెమ్మ ప్రాకును. నీరు ఆవిరియైపోగా దానిలోని లవణములు గోడపై తెల్లని పొడిగా నిలిచి గిలాబాను పొట్టువలె రాల్చును. దీనిని అడ్డుటకు పునాదిపై గోడ మొదలగు చోట నీరు ఎక్కని కాంక్రీటు పట్టీ వేయవలెను. తాపీమేస్త్రులు దీనిని డీపీసీ యందురు. విడతలుగా కట్టిన యిండ్లలో ఈ పట్టీ తరచు ఉండదు. దీనికితోడు వీధిబాటను మాటిమాటికి ఎత్తుచేయుటచే ఇంటి గచ్చు బాటకంటె పల్లమై, కాలువనీరు గోడమొదట నిలుచును.

(ఇ) గాలినుండి వచ్చు నీరు. కప్పు కారకున్నను, నేల పొడిగా నున్నను గోడ చెమర్చుట పలువురకు వింతగా తోచును. చన్నీటి చెంబు వెలుపల బిందువులు పుట్టుట చూచినవారికి ఇది వింతగాదు. వేడిగాలి ఎక్కువ తేమను మోయగలదు. చల్లబడినప్పుడు మోయలేని భాగమును విడిచిపెట్టును. 30 డిగ్రీల వేడిగల గాలి ఘనమీటరునకు సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయును. 20 డిగ్రీల గాలి సుమారు 17 గ్రాములనే మోయును. వానకాలమున 30 డిగ్రీల వేడితో నూటికి 80 పాళ్ల తేమగల గాలి, 26 డిగ్రీలకు చల్లబడిన గోడను తాకినంతనే నీటిని విడుచుటకు సిద్ధపడును. అనగా నాలుగు డిగ్రీల భేదము చాలును. గాలి ఆడని పెట్టెవెనుక మూలలును, ఎండ తగలని ఉత్తరపు గోడలును, నేలగచ్చును అట్టి చల్లని తావులు.

5. ఇంట పుట్టు తేమ: ఒక లెక్క

గాలిలోని తేమ ఆకాశమునుండి మాత్రమే రాదు. చాలభాగము మనమే పుట్టించుచున్నాము. మూడున్నర మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తుగల గదిలో సుమారు 31 ఘనమీటర్ల గాలి పట్టును. 30 డిగ్రీల వేడియందు ఆ గాలి యంతయు కలిసి మోయగల నీరు సుమారు 940 గ్రాములు. ఒక లీటరైనను గాదు.

ఇప్పుడు గృహకృత్యముల లెక్క చూడుడు. ఒక కిలో వంటవాయువు మండినప్పుడు కిలోన్నరకు మించిన నీరు ఆవిరిగా పుట్టును. 14.2 కిలోల సిలిండరు ఒకటి ముగియునప్పటికి 22 లీటర్లకు మించిన నీరు వంటయింటి గాలిలో కలిసినదన్నమాట. అన్నము, పప్పు ఉడుకునప్పుడు లేచు ఆవిరి దీనిలో చేరలేదు. ఒక మనిషి శ్వాసచేతను చెమటచేతను దినమునకు సుమారు ఒక లీటరు నీటిని గాలికి విడుచును. పిండిన తడిబట్టలు ఒక బకెట్టెడు గదిలో ఆరవేసినయెడల వానినుండి రెండు లీటర్ల నీరు సులభముగా ఆవిరియగును. ఒక లీటరును మోయలేని గాలి ఇంత నీటిని ఎచ్చట దాచుకొనును? గోడమీద, పరుపులో, పెట్టెలోని బట్టలలో. కావున ఈ ఆవిరి వెలుపలికి పోవు మార్గమును కల్పించుట తప్ప వేరు ఉపాయము లేదు.

6. మూలమును కనుగొను విధము

చికిత్సకు ముందు పరీక్ష చేయవలెను. దీనికి యంత్రములు అక్కరలేదు.

మొదటిది: మరక అంచువెంబడి పెన్సిలుతో గీత గీసి తేదీ వ్రాయుడు. వాన తరువాత మరక గీత దాటినచో లోపము కప్పునందో వెలిగోడయందో కలదు. వాన లేకున్నను దాటినచో నీటిగొట్టము కారుచున్నదేమో చూడవలెను. రాత్రి కుళాయిలన్నియు కట్టివేసి, తొట్టిలోని నీటిమట్టమును గురుతుపెట్టి, ఉదయము చూచిన ఆ సందేహము తీరును.

రెండవది: జానెడు చదరపు ప్లాస్టికు తునుకను గోడకు ఆనించి, నాలుగంచులును గాలి చొరకుండ అంటుపట్టీతో మూసి, రెండు దినములు విడువుడు. గదివైపు ముఖముపై తడి కనబడిన అది గాలినుండి వచ్చిన చెమ్మ. గోడవైపు ముఖముపై కనబడిన అది గోడలోనుండి వచ్చినది. రెండువైపులను తడిసిన రెండు కారణములును కలవు.

మూడవది: గాలితేమను కొలుచు చిన్న మాపకము దొరకినయెడల గదిలో ఉంచి చూడుడు. నూటికి 60 పాళ్లకు లోబడియున్న మంచిది. వానకాలమున ఇది మన ప్రాంతమున కష్టసాధ్యమైనను, వంటవేళను, బట్టలారు వేళను అంకె ఎట్లు ఎగబ్రాకునో చూచుటచే మన అలవాట్లలో మార్పవలసినవేవో తెలియును.

7. చికిత్స

పైనీటికి: వర్షారంభమునకు ముందే డాబాపై ఆకులను, మట్టిని తీసి, తూములలో నీరు పోసి పరీక్షించుడు. నీరు నిలుచు పల్లములను సరిచేయించి, పిట్టగోడ మొదటి చీలికలను గట్టిగా పూడ్పించుడు. రేకుల యింట చివికిన వాషర్లను మార్చుట స్వల్పవ్యయము. దానిని ఉపేక్షించిన దూలము చెడును. చూరు గోడను దాటి వెలుపలికి చాలినంత రానియెడల వానజల్లు గోడను తడుపును. చూరు పొడిగించుట రంగు వేయుటకంటె మేలు.

క్రిందినీటికి: గోడకు ఆనించి పోసిన మట్టిని, ఇసుకను, ఇటుకలను తొలగించుడు. నేల ఇంటినుండి దూరమగుకొలది వాలుండునట్లు చేయుడు. స్నానపు నీరు, పాత్రలు కడిగిన నీరు గోడమొదట ఇంకరాదు, కాలువకు చేర్పుడు. వీధికాలువ పూడిన ఒక్క యిల్లు ఎంత శ్రమించినను ఫలముండదు. కావున ఇరుగుపొరుగువారు కూడి వానకు ముందే దానిని తీయించుట, పురపాలకాధికారులకు ఉమ్మడిగా అర్జీ పెట్టుట యుక్తము. చెమ్మగోడపై గట్టి సిమెంటు గిలాబా వేసినచో క్రిందిచెమ్మ బయటికి ఆవిరికాజాలక ఇంకను పైకెక్కును. ప్లాస్టికు రంగును అట్లే. ముందు నీటిని ఆపి, గోడను ఎండనిచ్చి, పిదప సున్నము వేయుట మంచిది. సున్నము గోడను ఊపిరాడనిచ్చును. దాని క్షారగుణము కొంతకాలము బూజును అడ్డును.

గాలితేమకు: వంటవేళ కిటికీ తెరచి, పాత్రలపై మూతలు పెట్టుడు. పొగను ఆవిరిని వెలుపలికి నెట్టు ఫ్యాను వంటయింటను, స్నానపు గదిలోను మిక్కిలి ఉపయోగకరము. అది వెలుపలికే తెరచుకొనవలెను గాని ప్రక్కగదిలోనికి గాదు. కప్పున తిరుగు ఫ్యాను గోడ ఉపరితలమును ఆర్చునే కాని తేమను ఇంటినుండి పంపజాలదు. బట్టలను చూరుక్రిందనో వరండాలోనో ఆరవేయుడు. తప్పనప్పుడు ఒక్క గదిలోనే వేసి, ఆ గది కిటికీ తెరచి, లోపలి తలుపు మూయుడు. పెట్టెలు, బీరువాలు, మంచములు గోడకు జానెడు దూరమున నుంచుడు. నీటితో చల్లబరచు కూలరు వేసవి పొడిగాలికి తగినది. వానలు మొదలైనపిదప దానిని వాడుట గదిలో నీరు చల్లుటయే.

గదికి ఒకే కిటికీయున్న గాలి సరిగా ఆడదు. ఎదురెదురు తెరపులు రెండు వలయును. 1940ల నడుమ జంషెడ్‌పూరు అభివృద్ధి ప్రణాళికను సిద్ధపరచిన వాస్తుశిల్పి ఆటో కోనిగ్స్‌బర్గర్, తరువాతి కాలమున ఉష్ణదేశపు గృహనిర్మాణమును గూర్చి ఇతరులతో కలిసి ప్రామాణికగ్రంథము రచించెను. ఆయన శాస్త్రమునకు మూలసూత్రము ఎండను, గాలిని, వానను తెలిసికొని ఇల్లు కట్టవలెననుటయే. కొత్తగది కట్టించుకొనువారు ఒక కిటికీ ఖర్చు మిగిలెనని సంతోషింపరాదు. ఆ మిగులు పిదప వైద్యునికి చేరవచ్చును.

కొత్తయిండ్లలో చేరువారికి ఒక మాట. కాంక్రీటును, గిలాబాను కట్టునప్పుడు పోసిన నీరు పూర్తిగా ఆరుటకు మాసములు పట్టును. బహుళాంతస్తుల గృహములలో ప్రవేశించినవారు తొలి యేడు కిటికీలను విరివిగా తెరచియుంచి, గోడలు ఆరినపిదపనే ఖరీదైన రంగులు వేయించుకొనవలెను.

8. బూజును తుడుచు విధము

నీటి త్రోవ మూసినపిదప బూజును తీయవలెను. ఒక చదరపు మీటరునకు లోబడిన బూజును గృహస్థుడు స్వయముగా తీయవచ్చును. అంతకు మించిన, లేక మురుగునీటిచే కలిగిన దానిని తగిన రక్షణతో పనివారిచే తీయించుట మేలు. బిడ్డలను, ఉబ్బసరోగులను ముందు వేరుచోటికి పంపుడు. ముక్కునకును నోటికిని ఎన్-95 మాస్కు, చేతులకు రబ్బరు తొడుగులు, కండ్లకు అద్దములు ధరింపుడు. వెలుపలి కిటికీ తెరచి, లోపలి తలుపు మూయుడు.

పొడిచీపురుతో బూజును దులుపుట మొదటి తప్పు. ఒక్క దులుపుతో అసంఖ్యాక బీజములు గదియంతట నిండును. ముందు తడిపి, సబ్బునీటితో బ్రష్షుపెట్టి తోమి, శుభ్రమైన గుడ్డతో తుడిచి, ఫ్యాను పెట్టి పూర్తిగా ఆర్పుడు. ఆ గుడ్డను పారవేయుడు. లోతుగా బూజుపట్టిన దూదిపరుపు, అట్టపెట్టె, చాపవంటివానిని వదలుకొనవలెను. పైపైన పట్టిన బట్టలను ఉతికి ఎండలో ఆర్పిన చాలును.

9. చేయరాని పనులు

మొదటిది: గది ఆరుటకై బొగ్గుల కుంపటిని లోపల పెట్టి తలుపులు మూయరాదు. దానినుండి పుట్టు కార్బన్ మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. వానకాలమున బట్టలారుటకును, చలికాలమున వెచ్చదనమునకును ఇట్లు చేయుట అత్యంత ప్రమాదకరము.

రెండవది: బ్లీచింగు ద్రావకమును ఆమ్లముతోగాని, మరుగుదొడ్డి కడుగు మందుతోగాని, అమోనియా కలిసిన ద్రావకముతోగాని కలుపరాదు. ఊపిరితిత్తులను కాల్చు విషవాయువులు పుట్టును. సబ్బునీరు చాలినచోట బ్లీచింగు అవసరమే లేదు.

మూడవది: సిమెంటు రేకులలో రాతినార యుండవచ్చును. దాని నూగు ఊపిరితిత్తులలో చేరిన ఏండ్లు గడచినపిదప కాన్సరు మొదలగు వ్యాధులను కలిగింపగలదు. కావున అట్టి రేకులపై నాచును, బూజును పొడిగా గీకుట, ఇసుకకాగితముతో రుద్దుట, రంపముతో కోయుట, రంధ్రములు చేయుట కూడదు.

నాలుగవది: నీటి త్రోవను మూయక రంగు పూయరాదు.

10. ఋతువులనుబట్టి చేయవలసిన పనులు

జ్యేష్ఠమున: కప్పు, తూములు, వాషర్లు, వీధికాలువ చూచుకొనుట, పరుపులు, పెట్టెలోని బట్టలు ఎండవేయుట. ఎండయే మనకు వెలలేని ఔషధము.

ఆషాఢ, శ్రావణ, భాద్రపదములలో: వారమునకొకసారి పెట్టెలు జరిపి వెనుక చూచుట, తడిసినదానిని రెండు దినములు దాటనీయక ఆర్చుట, వాన వెలిసి ఎండ కాసిన గడియలలో ఎదురెదురు కిటికీలు తెరచుట.

ఆశ్వయుజమున: సున్నము వేయుటకు ముందు పెన్సిలు గీతలను చూచి, ఏ త్రోవ మూయబడలేదో తెలిసికొని, ముందు దానిని బాగుచేయించుట.

మార్గశిర, పుష్యములలో: చలికి భయపడి అందరును ఒక్క గదిలో కిటికీలు మూసి పరుండుట కలదు. ఇది పొరపాటు. చలిగాలిలో తేమ స్వల్పము. 12 డిగ్రీల రాత్రిగాలి నిండుగా తేమ మోసినను, ఇంటిలో 22 డిగ్రీలకు వేడెక్కినప్పుడు నూటికి 55 పాళ్లకే దిగును. కావున మధ్యాహ్నవేళ కొంతసేపు కిటికీలు తెరచుట ఇంటిని ఆర్చుటకు మంచి ఉపాయము. దోమలకై జాలీ బిగించుకొనవచ్చును గాని కిటికీని మూసివేయరాదు.

11. అద్దెయిండ్లును, స్వామ్యములేని స్థలములును

జంషెడ్‌పూరు బస్తీలలో స్థలస్వామ్యపు విషయము ఏండ్ల తరబడి చర్చలో నున్నది. ఎప్పుడేమగునో యను సందేహమున్నచోట పునాదికై సొమ్ము వెచ్చించుటకు గృహస్థుడు సంకోచించుట సహజము. అద్దెకున్నవాడు ఇల్లు తనది కాదనియు, యజమాని తానందు నివసింపననియు ఊరకుందురు. నడుమ చెమ్మ పెరుగును. అయినను ఈ పాఠమున చెప్పిన ఉపాయములలో పెక్కింటికి స్వామ్యము అక్కరలేదు, సొమ్మును అక్కరలేదు. పెట్టెను జానెడు జరుపుట, పాత్రకు మూత పెట్టుట, తూములో ఆకులు తీయుట, తడిబట్టలను వెలుపల ఆరవేయుట ఎవరి యనుమతి లేకయే నేడే చేయదగినవి. పెద్దలోపములకు అద్దెదారు తేదీలు వ్రాసిన గీతలనే సాక్ష్యముగా చూపి యజమానిని కోరవలెను. అద్దె తగ్గింపుమని వాదించుటకంటె కప్పు బాగుచేయింపుమని కోరుట ఉభయులకును లాభము. కారు కప్పు యజమాని సొత్తునే మొదట తినివేయును.

12. పునశ్చరణకు ప్రశ్నలు

(1) బూజు మొలుచుటకు వలయు నాలుగు సాధనములేవి? అందు మన చేతిలో నున్నదేది?
(2) మీ యింట మరకలున్నచో అవి ఏ యెత్తున, ఏ గోడపై, ఏ మాసమున కానవచ్చుచున్నవి? వానినిబట్టి నీరు ఏ త్రోవను వచ్చినదని చెప్పవచ్చును?
(3) ప్లాస్టికు తునుక గదివైపు తడిసిన మొదట ఏమి చేయవలెను? గోడవైపు తడిసిన ఏమి చేయవలెను?
(4) మీ యింట నెలకు ఎన్ని సిలిండర్లు మండుచున్నవి? వానివలన పుట్టు నీరెంత? అది ఏ త్రోవను వెలుపలికి పోవుచున్నది?
(5) రెండు వారములు దాటిన దగ్గునకు గోడ బాగుపడువరకు వేచియుండరాదనుటకు కారణమేమి?

ఈ ప్రశ్నలకు పుస్తకమునుండి గాక, ఇంటి గోడలను చూచి ఉత్తరములు వ్రాసికొనుడు. శ్రావణమున నల్లచుక్కలు కనబడిన చోట సున్నపు కుంచెకు ముందు పెన్సిలును చేతబట్టిన గృహస్థుడు, ఆ యింటి బిడ్డల ఊపిరికి మేలు చేసినవాడగును.